డిన్నర్ అయ్యాక బూట్ల గదికి

రూపర్ట్ లాసెల్ అబద్ధం చెబుతున్నాడని నాకు గట్టి నమ్మకం. ఆ నమ్మకానికి ఆధారం ఏమిటని ఎవరైనా అడిగితే, అప్పటికి నా దగ్గర ఒక్కటే ఉంది. అతను కింగ్స్‌మియర్ మనిషి.

కింగ్స్‌మియర్ అంటే వరసగా ఏడేళ్ళు లీగ్ కప్పు ఎత్తుకుపోయిన ఫుట్‌బాల్ క్లబ్. మా హాలోషా టౌన్ ఎవరినైనా చిన్నప్పటి నుంచి సాకి ఆటగాణ్ణి చేస్తే, రెండేళ్ళు తిరక్కుండా వాడు కింగ్స్‌మియర్ చొక్కా తొడుక్కుని టీవీలో కనిపిస్తాడు. అక్కడ వాణ్ణి ఆడిస్తారా అంటే అదీ లేదు. బెంచీ మీద కూర్చోబెడతారు. వాళ్ళకు అక్కరకు రావడానికి కాదు, మనకు దక్కకుండా ఉండడానికి. నడి చలికాలంలో కూడా నవనవలాడే వాళ్ళ మైదానంలోని గడ్డిని చూసినా నాకు కడుపు మండుతుంది. దాచుకోవడం ఎందుకు?

ఈ ఏడాది మాత్రం దేవుడు ఇటువైపు చూశాడు. ఆఖరి మ్యాచ్ రేపు, ఆదివారం, మా మైదానంలో, వాళ్ళతోనే. గెలిస్తే కప్పు మాది. మా తాతల కాలం తర్వాత మళ్ళీ ఇప్పుడు. అలాంటిది ఈ మధ్యాహ్నం, గ్యాలరీ కింద ఉన్న బూట్ల గదిలో, ఈ సీజన్‌లో మా గోల్స్‌లో సగం కొట్టిన జెత్రో క్లెగ్ మోకాలు చితికి, స్పృహ తప్పి దొరికాడు.

క్లబ్ ఛైర్మన్ పోలీసులకు ఒక ఫోన్, నాకు ఒక ఫోన్ చేశాడు. నేను ఒకప్పుడు పోలీసునే. ఇప్పుడు చేపల వేపుళ్ళ కొట్టు మీద గదిలో చిన్న డిటెక్టివ్ ఆఫీసు నడుపుతున్నాను. “హెస్టర్, సాయంత్రం ఆరింటికి లీగ్ పెద్దలు కూర్చుంటున్నారు. ఇందులో కింగ్స్‌మియర్ చెయ్యి ఉందని రుజువు చూపిస్తే వాళ్ళను రేపటి ఆట నుంచి తప్పిస్తారు. చూపించలేకపోతే జెత్రో లేకుండానే మనం ఆడాలి. పోలీసులు నింపాదిగా తేలుస్తారు. మనకంత వ్యవధి లేదు” అన్నాడు. ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పేస్తాను, తర్వాత దాచానని ఎవరూ అనకుండా. మా జట్టు కెప్టెన్ నోరిస్ డాబ్సన్ నా సొంత తమ్ముడు.

ఛైర్మన్ గదిలోనే, కింగ్స్‌మియర్ కోసం ఆటగాళ్ళను ఏరే ఈ లాసెల్‌ను కూర్చోబెట్టి జెత్రో ఫోన్ అతని ముందు పెట్టాను. నిన్న సాయంత్రం ఏదో పేరులేని నంబరు నుంచి దానికి ఒక మెసేజ్ వచ్చింది.

“రేపు డిన్నర్ అయ్యాక బూట్ల గదికి రా. ఒంటరిగా రా. కింగ్స్‌మియర్ సంగతి తేల్చుకుందాం.”

“ఇది మీరు పంపిందే కదా?”

“కాదు మేడమ్. ఆ నంబరు నాది కాదు.”

“మీ సొంత నంబరుతో పంపేంత అమాయకులని నేనూ అనుకోవడం లేదు లెండి. మీరు జెత్రోని మీ క్లబ్‌కి రమ్మన్నారా, లేదా?”

“రమ్మన్నాం. ఎవరికీ చెప్పొద్దన్నాం. ఇంకా జవాబు రాలేదు.”

“మీరు చెప్పలేదు, వాడు చెప్పలేదు. మరి కింగ్స్‌మియర్ సంగతంటూ రాసింది ఎవరు? మా గడ్డి కోసే యంత్రమా?”

లాసెల్ చొక్కా చేతుల అంచులు సర్దుకున్నాడు. బూడిద రంగు సూటు, గోళ్ళు కూడా మెరుస్తున్నాయి. “ఈ పూట మీ మైదానానికి ఎందుకొచ్చారు?” అన్నాను.

“రేపు మా ఆటగాళ్ళు బట్టలు మార్చుకునే గది చూడ్డానికి. వేడినీళ్ళు వస్తాయో లేదో చూసి రమ్మన్నారు.”

“వస్తున్నాయా?”

“లేదు.”

“అలవాటు చేసుకోండి. పన్నెండున్నర, ఒంటిగంట మధ్య ఎక్కడున్నారు?”

“బయట కారులో. ఒక్కణ్ణే. ఫోన్ మాట్లాడుతున్నాను.”

“ఎవరితో?”

“ఇంకో క్లబ్ ఆటగాడితో. పేరు చెప్పను.”

“ఇంకొకణ్ణి ఎత్తుకుపోవడానికా?”

“మేం ఎవర్నీ ఎత్తుకుపోం మేడమ్. అడుగుతాం అంతే. వాళ్ళే వస్తారు.”

చెంప మీద కొట్టినట్టయింది. అది నిజం కాబట్టే అంత మండింది. అతను గొంతు పెంచకుండా ఇంకో మాట అన్నాడు. “జెత్రో మోకాలు విరిగితే అందరికంటే మాకే నష్టం. కుంటి గుర్రాన్ని ఎవరు కొంటారు?”

“మీకు కుర్రాడు అక్కర్లేదు, రేపు మాకు లేకపోతే చాలు” అన్నాను. మాట తట్టినందుకు నా మీద నాకే ముచ్చటేసింది.

అక్కణ్ణించి బూట్ల గదికి వెళ్ళాను. క్యాంటీన్ డోరీన్ ఆంటీ గుమ్మంలో ఏప్రన్‌తో కళ్ళొత్తుకుంటూ నిలబడి ఉంది. జెత్రోని మొదట చూసింది ఆవిడే. పోలీసుల ఫొటోలు అయిపోయాయి. సుత్తి పట్టుకెళ్ళారు, మిగతావి వదిలేశారు.

“నువ్వు వచ్చేసరికి తలుపెలా ఉంది ఆంటీ?”

“మూసే ఉందమ్మా. నేను కప్పులేమైనా ఉన్నాయేమోనని వచ్చాను. వీళ్ళకి తాగిన కప్పు తాగినచోట వదిలెయ్యడం అలవాటు కదా. లోపల చీకటి. కాలికి ఏదో తగిలింది. చూస్తే ఈ పిల్లాడు! నా గుండె ఆగిపోయిందనుకో.”

“డిన్నర్‌కి అందరూ వచ్చారా?”

“అందరూ వచ్చారు. జెత్రో రెండుసార్లు పెట్టించుకున్నాడు. మీ నోరిస్సే ముద్ద ముట్టలేదు. టీ కప్పు పట్టుకుని వెళ్ళిపోయాడు. రేపటి దిగులు, పాపం. నువ్వైనా కాస్త చెప్పమ్మా, తినకపోతే ఎలా పరుగెత్తుతాడు?”

వాడి కోసం మాంసం కూరిన రొట్టె ఒకటి పక్కన పెట్టమని చెప్పి లోపలికి వెళ్ళాను. గదికి కిటికీ లేదు. బల్బు ఊడదీసి అరలో పెట్టి ఉంది. నేల మీద పాత చలికోటు ఒకటి పడి ఉంది. జెత్రో లోపలికి రాగానే ఎవరో అది తల మీద కప్పి మోకాలి మీద కొట్టారు. గోల్ వల మేకులు దిగ్గొట్టే కొయ్యసుత్తితో ఒకటే దెబ్బ. పడిపోతూ బెంచీ అంచుకి తల కొట్టుకుని స్పృహ తప్పాడు.

రెండు సంగతులు నాకు నచ్చలేదు. ఒకటి తలుపు. దాని బందులు ఎప్పుడో సడలిపోయాయి. పిడి పట్టుకుని పైకెత్తి, మోకాలితో ఒక్క తోపు తోస్తే తప్ప పడదు. ఆ మర్మం తెలియనివాడు ఎంత నెట్టినా బెత్తెడు సందు ఉండిపోతుంది. ఆంటీ వచ్చేసరికి అది చక్కగా మూసి ఉంది. రెండోది, ఆంటీ చూసేసరికే జెత్రో తల కింద ఉన్న మడతపెట్టిన తువ్వాలు. కాలు విరగ్గొట్టిన మనిషి తల కింద మెత్తగా ఉండాలని చూశాడు.

ఆ రెండూ ఎటు చూపిస్తున్నాయో ఆలోచిస్తే వెంటనే తెలిసేది. నేను ఆలోచించలేదు. లాసెల్ గట్టివాడు, తలుపు ఎలాగో నెట్టి ఉంటాడనుకున్నాను. తువ్వాలు మన కళ్ళు గప్పడానికి పెట్టాడనుకున్నాను. నాకు కింగ్స్‌మియరే కావాలి. ఆకలేసినవాడికి వంటింటి వాసన తప్ప ఇంకేదీ తెలియనట్టు ఉంది నా పరిస్థితి.

నోరిస్ బయట నడవలో గోడకానుకుని కూర్చుని ఉన్నాడు. ముప్పై ఐదేళ్ళు వాడికి. ఈ సీజన్‌తో ఆట మానేస్తున్నాడు.

“వాడు లేకుండా రేపెలారా?” అన్నాను.

“ఆడతాం అక్కా. వాడొచ్చింది మొన్న కదా. పదహారేళ్ళుగా ఇక్కడ ఆట ఆగిందా?”

“కింగ్స్‌మియర్ వాళ్ళు వాణ్ణి పిలుస్తున్నారని నీకు తెలుసా?”

“నాకెవరు చెబుతారు? నువ్వంటేనే విన్నాను. నేను ఆసుపత్రికి వెళ్ళి వాణ్ణి చూసొస్తా” అని లేచాడు. వెళ్ళేముందు అలవాటుగా నా భుజం తట్టాడు. వాడి చెయ్యి చల్లగా ఉంది.

ఛైర్మన్ గదికి తిరిగొచ్చేసరికి లాసెల్ లేడు, నా కుర్చీలో విల్ఫ్ గ్రీన్‌హాల్ఫ్ కూర్చుని ఉన్నాడు. మా పక్క వీధి వాడు. పోలీసు ఉద్యోగంలో నాతో జోడీగా పనిచేసినవాడు. ఆరేళ్ళ కిందట కింగ్స్‌మియర్ వాళ్ళు ఆటగాళ్ళనే కాదు, వాణ్ణి కూడా పట్టుకుపోయారు, క్లబ్ భద్రతకు పెద్దని చేసి. ఇప్పుడు వాడి కార్డు మీద విలియం అని ఉంటుంది. మోకాళ్ళ దాకా నల్లటి ఉన్ని కోటు వేసుకున్నాడు. నా కోటు గుండీ ఊడి వారమైంది. చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. వాళ్ళు అడిగింది వాణ్ణి, నన్ను కాదు. ఆరేళ్ళయినా అది ముల్లులా లోపలే ఉంది.

“లే. అది నేను కూర్చునే కుర్చీ.”

“నువ్వు ఛైర్మన్ ఎప్పుడయ్యావ్ హెస్టర్?” అంటూనే లేచాడు. “మా లాసెల్‌ని గంట నుంచి నేరస్థుడిలా కూర్చోబెట్టావట. దేని మీద?”

“మెసేజ్ మీద. ఆ టైముకి కారులో ఒంటరిగా ఉన్నాడన్నదాని మీద. మీ వాళ్ళ చరిత్ర మీద.”

“మా చరిత్ర ఏమిటి? గెలవడమా? అదేమైనా నేరమా?”

“పక్కవాడి కంచంలోది లాక్కుని తిని త్రేన్చడం నేరం కాకపోవచ్చు. అసహ్యం మాత్రం అవునా, కాదా?”

“నీకు ఏడుపు హెస్టర్. ఎప్పుడూ అంతే. మేం గెలిస్తే ఏడుపు, నేను మంచి కోటు వేసుకుంటే ఏడుపు.”

“ఏడుపే! అయితే ఏం? ఏడవడానికి కూడా మీ క్లబ్ అనుమతి కావాలా?”

విల్ఫ్ నిట్టూర్చి, జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు. “మా లాయర్లు ఒక మాట అడగమన్నారు. మెసేజ్‌లో డిన్నర్ అయ్యాక రమ్మని ఉంది. అంటే రాత్రి ఏ ఎనిమిదింటికో. దాడి జరిగింది మిట్టమధ్యాహ్నం. ఒకవేళ ఆ మెసేజ్ లాసెలే పంపాడనుకో, వాడు వచ్చేది రాత్రికి కదా? కాబట్టి మెసేజ్‌కీ దాడికీ సంబంధం లేదు. ఇదే ఆరింటికి లీగ్ పెద్దల ముందు పెడతారు.”

నాకు నవ్వాగలేదు. చాలాకాలానికి మనసారా నవ్వాను.

“ఒరేయ్ విల్ఫ్! ఆరేళ్ళకే ఇంత మర్చిపోయావా? డిన్నర్ అంటే మధ్యాహ్నం తినేది కాదట్రా? రాత్రి తినేదాన్ని టీ అని కదూ మీ అమ్మ పిలిచేది? ‘విల్ఫీ, టీకి రా’ అని వీధి చివరిదాకా అరిచేది. ఇప్పుడు నువ్వు మధ్యాహ్నం లంచ్ తింటున్నావన్నమాట! రాత్రికి డిన్నర్! ఆవిడ వింటే అట్లకాడ తిరగేస్తుంది.”

వాడి చెవులు ఎర్రబడ్డాయి. “నేను కాదు, లాయర్లు…”

“లాయర్లు దక్షిణాది వాళ్ళు, మన ఉత్తరాది మాట వాళ్ళకేం తెలుసు? హాలోషాలో డిన్నర్ అయ్యాక రా అంటే పసిపిల్లాడు కూడా మధ్యాహ్నమే వస్తాడు. జెత్రో అలాగే వెళ్ళాడు. మీ కింగ్స్‌మియర్‌లో తప్ప…”

బల్ల మీదున్న జెత్రో ఫోన్ చేతిలోకి తీసుకున్నాను.

విల్ఫ్ నా వంకే చూస్తున్నాడు. వాడికి నాకంటే ఒక్క క్షణం ముందు తెలిసింది. ఎర్రదనం పోయి మొహం నెమ్మదిగా పాలిపోయింది.

“మా కింగ్స్‌మియర్‌లో తప్ప” అన్నాడు మెల్లగా. “మా లాసెల్ జన్మలో మధ్యాహ్నాన్ని డిన్నర్ అనడు హెస్టర్. లంచ్ అంటాడు. వాడు రాసి ఉంటే వాడు రాత్రికి వచ్చేవాడు, జెత్రో మధ్యాహ్నానికి వచ్చేవాడు, ఇద్దరూ కలిసేవాళ్ళే కాదు.”

ఆ మెసేజ్ నేను ఎన్నిసార్లు చదివానో. ఒక్కసారి కూడా ఎక్కడా తట్టుకోలేదు. ఎందుకు తట్టుకుంటుంది? నేను రాసినా అలాగే రాస్తాను. కింగ్స్‌మియర్ వాళ్ళలా నటించాలనుకున్నవాడు అన్నీ సరిచూసుకున్నాడు, పేరులేని నంబరు సంపాదించాడు, వాళ్ళ మనిషి మైదానానికి వచ్చే రోజు చూసుకున్నాడు. తను అన్నం తినే వేళకి తను పెట్టుకున్న పేరు మాత్రం వాడికి గుర్తుకు రాలేదు. అది పేరని కూడా వాడికి తెలియదు.

“మనవాడే” అన్నాను. తలుపూ తువ్వాలూ ఒక్కసారిగా మీద పడ్డట్టయింది.

“మీవాడే” అని సరిదిద్దాడు విల్ఫ్. మామూలుగా అయితే ఆ మాటకి వాణ్ణి ఉతికి ఆరేసేదాన్ని.

“జెత్రోని మేం పిలిచినట్టు ఇక్కడ ఎవరికి తెలుసు?” అన్నాడు.

“ఎవరికీ తెలియదంటున్నారు.”

“రాసినవాడికి తెలుసు కదా. జెత్రో ఎవరో ఒకరికి చెప్పి ఉండాలి. పద, వాణ్ణే అడుగుదాం.”

వాడి కారులోనే వెళ్ళాం. సీట్లు వెచ్చగా ఉన్నాయి. ఆ స్థితిలో కూడా నా మనసు ఆ వెచ్చదనాన్ని చూసి కుళ్ళుకుంది. మనిషి మనసంత నీచమైనది ఇంకోటి లేదు.

జెత్రోకి ఆపరేషన్ అయింది. మత్తు దిగుతోంది. కాలు చెక్కల మధ్య బిగించి పైకి కట్టారు. మళ్ళీ నడుస్తాడు, ఆడతాడో లేదో ఏడాది దాకా చెప్పలేమని డాక్టర్ బయటే చెప్పింది. పడక పక్కన స్టూలు మీద నోరిస్ కూర్చుని ఉన్నాడు. జెత్రో చెయ్యి వాడి రెండు చేతుల్లో ఉంది.

“రా అక్కా” అన్నాడు జెత్రో, నన్ను చూసి నవ్వబోయి. “అన్న ఇందాకట్నుంచీ ఇక్కడే ఉన్నాడు. ఏడుస్తున్నాడు. నాకు తగిలిందా, తనకి తగిలిందా అని అడిగాను.”

“జెత్రో, ఒకే ఒక్క ప్రశ్న” అన్నాను. “కింగ్స్‌మియర్ వాళ్ళు పిలిచారని నువ్వు ఎవరెవరికి చెప్పావ్?”

“ఎవరికీ చెప్పలేదు. అన్నకి తప్ప. సలహా అడిగాను. ఇలాంటివి ఇంకెవర్ని అడుగుతాను?”

విల్ఫ్ గుమ్మంలో కదలకుండా నిలబడ్డాడు. నోరిస్ తల ఎత్తలేదు.

“నేను ఆ మెసేజ్ చూసి వాళ్ళ మనిషే అనుకున్నాను” అని చెప్పుకుపోతున్నాడు జెత్రో, మందు మత్తులో మాట సాగుతూ. “మొహం మీదే చెబుదామని వెళ్ళాను, రానని. అన్నా, నీకు రేపు మ్యాచ్ అయ్యాక చెబుదామనుకున్నా. వచ్చే ఏడాది నువ్వుండవు కదా. నీ చేతి పట్టీ నాకు కావాలి. హాలోషా కెప్టెన్ పట్టీ. వాళ్ళ బెంచీ నాకెందుకు?”

నోరిస్ మొహం అప్పుడు ఎత్తాడు. చిన్నప్పుడు మంచులో జారి చెయ్యి విరిగినప్పుడు కూడా వాడి మొహం అలా అవడం నేను చూడలేదు. జెత్రో చెయ్యి నెమ్మదిగా దుప్పటి మీద పెట్టి, లేచి, నన్ను దాటుకుని నడవలోకి వెళ్ళాడు. నేను వెనకే వెళ్ళాను. గది తలుపు విల్ఫ్ దగ్గరగా వేశాడు.

“ఎందుకురా?” అన్నాను.

“పదహారేళ్ళు అక్కా” అన్నాడు గోడవైపు తిరిగి. “ఒక్క క్లబ్బు, ఒక్కసారి, మాటవరసకైనా నన్ను రమ్మనలేదు. కింగ్స్‌మియర్ కాదు, ఏ దిక్కుమాలిన క్లబ్బూ అడగలేదు. వాడొచ్చాడు. రెండేళ్ళు. గ్యాలరీ అంతా వాడి పేరే. వాడు నా దగ్గరికొచ్చి, అన్నా, కింగ్స్‌మియర్ పిలుస్తోంది, ఏం చెయ్యను అని అడిగాడు. నన్ను అడిగాడు! ఆ రాత్రి నిద్ర పట్టలేదు. రేపు గెలిస్తే అది జెత్రో కప్పు అంటారు. వాడు లేకుండా గెలవాలనుకున్నాను. ఒక్కసారి. ఒక్క మ్యాచ్ ఆడలేకపోతే చాలనుకున్నాను. అంత గట్టిగా తగులుతుందనుకోలేదు. వాడు పడిపోతే…”

“తువ్వాలు పెట్టావ్.”

తల ఊపాడు.

నోరిస్ కుళ్ళిన ఆ చోటే నేనూ కుళ్ళాను. నా చేతికి సుత్తి దొరకలేదు, అంతే తేడా. విల్ఫ్ బయటికొచ్చి మా ఇద్దరికీ కొంచెం దూరంగా నిలబడ్డాడు. వాడి మొహంలో గెలిచిన సంతోషం ఉందేమోనని వెతికాను. లేదు. ఉండుంటే బాగుండేది, వాణ్ణి నాలుగు తిట్టి తేలికపడేదాన్ని. రేపు కింగ్స్‌మియర్ మా మైదానంలోకి చేతికి మట్టి అంటకుండా దిగుతుంది. మా గోల్ కొట్టేవాడు మంచం మీద, మా కెప్టెన్ లాకప్‌లో. వాళ్ళు మమ్మల్ని దోచుకోనక్కర్లేకపోయింది, మేమే ఇచ్చేశాం.

“ఆరు కావస్తోంది హెస్టర్” అన్నాడు విల్ఫ్ గొంతు తగ్గించి. “నువ్వు ఫోన్ చేస్తావా, నన్ను చెయ్యమంటావా?”

నోరిస్ ఇటు తిరిగాడు. కళ్ళు తుడుచుకున్నాడు. చిన్నప్పుడు వాన పడుతున్నా వీధిలోకి ఆడుకోవడానికి వెళ్తానని అమ్మని కాదు, నన్ను అడిగేవాడు. సరిగ్గా ఆ గొంతుతోనే అడిగాడు.

“రేపొక్కటి ఆడి వస్తా అక్కా. ఆడొచ్చా?”

నా ఫోన్ కోసం కోటు జేబులో చెయ్యి పెట్టాను. పోలీస్ స్టేషన్ నంబరు నేనే నొక్కాను.